అద్దె కాగితంలో మధ్య పేజీ

అమ్మ వాకర్ పట్టుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తోంది. పడితే పట్టుకోవడానికి చేతులు చాచుకుని నేను పక్కనే నడుస్తున్నాను. అప్పుడు గేటు తీసుకుని ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు. చెప్పులు కూడా విప్పలేదు. ఒకతను జేబులోంచి టేపు తీసి దాని కొస అమ్మ మంచం కోడుకి ఆనించాడు. రెండో అతను టేపు లాక్కుంటూ వంటగది గుమ్మం దాకా వెళ్ళాడు.

“ఎవరండీ మీరు?” అన్నాను.

“ఏజెంటు గారు పంపారండీ. ఇక్కడ స్కానింగు సెంటరు పెడతారంట గదా. మిషను పట్టుద్దో లేదో చూసి రమ్మన్నారు.”

“ఇక్కడ మేం ఉంటున్నాం గదా!”

అతను నా వంక జాలిగా చూశాడు. “మీకు చెప్పలేదా? నెలాఖరుకి ఖాళీ చేస్తన్నారంటగా” అన్నాడు.

అమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. నేను ఆమెను కూర్చోబెట్టేసరికి వాళ్ళిద్దరూ పని ముగించుకుని, గేటు బార్లా తెరిచి వెళ్ళిపోయారు.

మాది మాచర్ల వైపు ఊరు. అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే నరసరావుపేట తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. నేను పేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆయన పురుగుమందుల కంపెనీలో ఉద్యోగి. వారంలో ఎక్కువ రోజులు కారంపూడి, దుర్గి, మాచర్ల చేల వెంట తిరుగుతూ ఉంటాడు. అప్పట్లో మేం రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ మెట్లెక్కడానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ ఫిజియోథెరపీ చేయించాలి కాబట్టి ఆసుపత్రికి దగ్గర్లో, కింది పోర్షన్ కావాలి. పేట జిల్లా కేంద్రమయ్యాక అలాంటి ఇళ్ళు దొరకడం గగనమైపోయింది. ఆఫీసులు, ల్యాబులు, కోచింగ్ సెంటర్లు కింది అంతస్తులన్నీ ఎగరేసుకుపోయాయి.

ఆ సమయంలో ఈ ఏజెంటు దొరికాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నుదుటి మీద గంధం బొట్టు. మాట చాలా మెత్తన. మొదటి రోజే నన్ను చెల్లెమ్మా అన్నాడు. మేం ఇల్లు మారిన రోజు అమ్మను ఆటోలోంచి దింపలేక తంటాలు పడుతుంటే, కుర్చీ తెప్పించి తనే ఒక పక్క పట్టుకుని లోపలికి మోశాడు. “మా అమ్మయినా ఇంతే గదా” అన్నాడు. ఆ మాటతో నా కళ్ళు చెమర్చాయి.

ఇంటి యజమాని గురజాలలో ఉంటుందట. పెద్దావిడ. ఇంటి వ్యవహారమంతా ఏజెంటుకే అప్పగించిందట. “ఆమెకి ఫోన్లు జేస్తే నచ్చదు చెల్లెమ్మా. చానా చిరాకు మనిషి. ఏదన్నా ఉంటే నాకు చెప్పండి, నేను చూసుకుంటా” అన్నాడు. అద్దె కూడా అతని ఫోన్‌కే పంపేవాళ్ళం.

అగ్రిమెంటు మూడు పేజీలు. మా హాల్లోనే కూర్చుని అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాడు. మూడేళ్ళు ఉండొచ్చు. ఓనరుకి ఇల్లు కావాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. మేం ఖాళీ చేయాలన్నా అంతే. మా ఆయనా, నేనూ, మంచం మీదున్న అమ్మా ముగ్గురం విన్నాం. మొదటి పేజీ మీదా, చివరి పేజీ మీదా సంతకాలు చేశాం. ఓనరమ్మ సంతకం పెట్టించి, నోటరీ చేయించి జిరాక్సు పంపిస్తానన్నాడు. అన్నట్టే పంపించాడు. బీరువాలో ఆసుపత్రి ఫైలు కింద పెట్టాం. అప్పటికి దాన్ని చదవాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు, మొత్తం విన్నదే కదా.

కొలతల వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే ఏజెంటు వచ్చాడు. కుర్చీ లాక్కుని అమ్మ మంచం పక్కన కూర్చుని, కాలు ఎలా ఉందని అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, “నెలాఖరుకి ఇల్లు ఖాళీ జేయాల చెల్లెమ్మా. ఓనరమ్మ ఆర్డరు” అన్నాడు.

“అదేందన్నా? మూడేళ్ళని రాసుకున్నాం గదా! మూడు నెలల ముందు చెప్పాలని కూడా ఉంది.”

“ఎక్కడుంది? కాయితం తీసి చూడండి.”

తీసి చూశాను. మొదటి పేజీలో మా పేర్లు, ఓనరమ్మ పేరు, గురజాల అడ్రసు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి పేజీలో మా సంతకాలు. మధ్య పేజీ దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. గడువు పదకొండు నెలలు అని ఉంది. పదిహేను రోజుల ముందు చెబితే చాలు, ఖాళీ చేయాలి అని ఉంది. చేయకపోతే తాళం వేసుకునే హక్కు, సామాను బయట పెట్టే హక్కు ఏజెంటుకి ఉంటుందని ఉంది. అదే కాగితం, అదే అక్షరాలు, అదే సైజు. ఎక్కడా కొట్టివేత లేదు.

“ఇది మీరు చదివింది కాదు” అన్నాను.

అతను నవ్వాడు. “నేను చదివింది ఇదే చెల్లెమ్మా. అమ్మగారి కంగారులో మీరు సరిగా విని ఉండరు.”

“మూడేళ్ళన్నావు నాయనా. నేను విన్నా” అంది అమ్మ మంచం మీంచి.

“పెద్దదానివి, మందుల మత్తులో ఉన్నావు గదమ్మా” అంటూ ఆమె పాదం మీద మెల్లగా తట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “అమ్మ నడవలేదు గదా. రేపు సామాన్లు రోడ్డు మీద పెట్టాల్సొస్తే నేను చూడలేను. మీరే మంచిగా వెళ్ళిపోండి” అన్నాడు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అతను కేకలు వేసి ఉంటే బహుశా నేనూ కేకలు వేసేదాన్ని.

ఆ తర్వాత నాకు వచ్చిన మొదటి అనుమానం అతని మీద కాదు, నా మీదే. నిజంగా మూడేళ్ళని చదివాడా, నేనే అలా అనుకున్నానా? మా ఆయనకు ఫోన్ చేసి, నేనేమీ చెప్పకుండా, “మన అగ్రిమెంటు ఎన్నాళ్ళకి?” అని అడిగాను. “మూడేళ్ళు. ఏం?” అన్నాడు. అప్పుడు అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

మర్నాటి నుంచి ఎదురింటి వేపచెట్టు కింద ఒకడు బండి ఆపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మా జోలికి రాడు. మాట్లాడడు. బండి మీద అడ్డంగా కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. నేను స్కూలుకి బయల్దేరినప్పుడు తలెత్తి చూస్తాడు, తిరిగి వచ్చినప్పుడు చూస్తాడు. వీధి అందరిదీ, కూర్చోవద్దని ఎవరంటారు? నీళ్ళ మోటారు స్విచ్చి ఉన్న పెట్టెకి ఎవరో తాళం వేశారు. పై పోర్షన్ వాళ్ళని అడిగితే, “మాకేం తెలీదండీ” అని తలుపు సగమే తీసి చెప్పి వేసుకున్నారు. వాళ్ళని అద్దెకి పెట్టిందీ ఆ ఏజెంటే.

పగటిపూట అమ్మకు తోడుగా ఒకామె వచ్చేది. అన్నం పెట్టి, బాత్రూముకి తీసుకెళ్ళి, కబుర్లు చెబుతూ కూర్చునేది. ఒకరోజు చెట్టు కింద మనిషి ఆమెని పిలిచి ఇల్లెక్కడ, పిల్లలెంతమంది, ఏ స్కూలు అని అడిగాడట. “నాకెందుకమ్మా ఈ గొడవలు, పిల్లలున్నదాన్ని” అని మర్నాటి నుంచి రాలేదు. ఆమెను తప్పు పట్టలేను.

స్కూల్లో పాఠం చెబుతున్నానే గానీ చెవులన్నీ ఫోన్ మీదే. ఫోన్ మోగితే ఒక భయం. మోగకపోతే, అమ్మ చేతికి ఫోన్ అందలేదేమోనని ఇంకో భయం. మధ్యాహ్నం విరామంలో ఆటోలో ఇంటికి పరుగెత్తి అమ్మకు ముద్దలు కలిపి పెట్టి మళ్ళీ పరుగెత్తేదాన్ని. బయటి నుంచి తాళం వేసి వెళ్ళాలా, తీసి ఉంచాలా అన్నది రోజూ తేలని ప్రశ్న. తాళం వేస్తే ఏదైనా జరిగినప్పుడు అమ్మ బయటికి రాలేదు. వేయకపోతే వాళ్ళు లోపలికి వస్తారు. చివరికి తాళం వేసి, అవసరమైతే ఎవరినైనా పిలిచి తీయించుకోమని మంచం పక్క కిటికీలోంచి ఒక తాళంచెవి అమ్మకిచ్చి వెళ్ళేదాన్ని. ఆ తాళంచెవి ఆమె గుప్పిట్లో పెడుతున్నప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

మా ఆయనకు కోపం ఎక్కువ. విషయం తెలిసిన వారాంతంలో నేరుగా కోర్టు దగ్గరున్న ఏజెంటు గదికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చొక్కా చేతులు పైకి మడిచాడు. వచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చి, బండి స్టాండు వేసి, చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాడు.

“ఏమన్నాడు?” అని అడిగాను.

“కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.”

“తర్వాత?”

“బావా, కారంపూడి రోడ్డులో మధ్యాహ్నాలు ఒక్కడివే పోతుంటావంటగా, మనుషులు తిరగని రోడ్డు, జాగ్రత్త అన్నాడు.” ఆ మాట చెప్పి కళ్ళు దించుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి మా ఆయన భయపడటం నేను చూడలేదు. అప్పుడు చూశాను. నాలో మిగిలిన కాస్త ధైర్యం కూడా ఆ క్షణంలో పోయింది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. “కాయితం మీద సంతకం మీదే గదమ్మా. పేజీ మార్చారని ఎట్టా నిరూపిస్తారు? ఇది సివిలు గొడవ, కోర్టులో తేల్చుకోవాల. మీ మీద చెయ్యేస్తే రండి” అన్నాడు. చెయ్యి పడేదాకా ఆగాలా అని అడగాలనిపించింది, అడగలేదు.

మా స్కూల్లో సహోద్యోగి ఒకామె లాయరు దగ్గరికి తీసుకెళ్ళింది. లాయరు కూడా ఆడమనిషే. కాగితం మొత్తం చదివి కళ్ళద్దాలు తీసింది. “ఇందులో ఏం రాసున్నా సరే, కోర్టు ఆర్డరు లేకుండా తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. అది గుర్తుపెట్టుకోండి. కానీ మూడేళ్ళ అగ్రిమెంటు రిజిస్టరు చేయించాలి, నోటరీతో సరిపోదు. కాబట్టి మీరు చెప్పే పాత పేజీ దొరికినా దాన్ని పట్టుకుని గట్టిగా నిలబడటం కష్టమే. కేసు వేస్తే ఏళ్ళు పడుతుంది” అంది. తర్వాత ఆగి, “ఇంతకీ ఓనరుతో మాట్లాడారా?” అని అడిగింది.

లేదన్నాను. ఆమె చిరాకు మనిషి, ఫోన్ చేస్తే ఊరుకోదు అన్నాను.

“ఆ సంగతి ఎవరు చెప్పారు?”

ఏజెంటు చెప్పాడు. ఆ జవాబు నా నోట్లోంచి వస్తుంటే నాకే సిగ్గనిపించింది.

ఆదివారం మా ఆయన్ని అమ్మ దగ్గర ఉంచి నేను గురజాల బయల్దేరాను. తనే వెళ్తానన్నాడు గానీ, ముసలావిడ దగ్గరికి మగవాడు ఆవేశంగా వెళ్తే పని చెడుతుందన్నాను. నిజానికి ఆ కారంపూడి మాట విన్నాక అతన్ని ఒంటరిగా బండి మీద పంపడం నాకు ఇష్టం లేదు. వెనక గేటు నుంచి, పక్కింటి వాళ్ళ ఆవరణలోంచి బయటికొచ్చి ఆటో ఎక్కాను. దొంగతనానికి పోతున్నట్టు చున్నీ తల మీద కప్పుకున్నాను.

బస్సులో నా వెనక సీట్లో గళ్ళచొక్కా మనిషి ఒకడు కూర్చున్నాడు. నేను తల తిప్పినప్పుడల్లా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల ధూళి కిటికీల్లోంచి కొడుతుంటే అందరూ అద్దాలు మూశారు, అతను మూయలేదు. పిడుగురాళ్ళలో దిగిపోతాడనుకున్నాను, దిగలేదు. ఆపై దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి బస్సంతా దగ్గుతోంది. నాకు దగ్గు కూడా రావడం లేదు. గురజాలలో నేను దిగితే అతనూ దిగాడు. నేను ఆగిపోయాను. అతను సీటు కింది నుంచి మిరపకాయల సంచీ తీసుకుని, “కాస్త జరగమ్మా” అని నన్ను దాటుకుని తన దారిన వెళ్ళిపోయాడు. నేను అక్కడే బస్టాండు స్తంభాన్ని పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మొదటి పేజీలో ఉన్న అడ్రసు ఆటో అతనికి చూపిస్తే బజారు వెనక సందులో దింపాడు. వీధి వైపు ఎన్నాళ్ళ క్రితమో మూసేసిన కిరాణా కొట్టు, పక్కన ఇనుప గ్రిల్లు, దాని వెనక తలుపు. గ్రిల్లుకి లోపలి నుంచి తాళం వేసి ఉంది. తలుపు కొంచెం తెరిచే ఉంది.

“ఎవురూ?” అని లోపలి నుంచి ఆడగొంతు.

“అమ్మా, నరసరావుపేటలో మీ ఇంట్లో అద్దెకుంటున్నామండీ. ఒకసారి మాట్లాడి పోదామని వచ్చాను.”

తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడిన చప్పుడు. ఆ పైన ఇంకో గడియ. కుర్చీ ఈడ్చి తలుపుకి అడ్డంగా పెట్టిన చప్పుడు. నేను ఎండలో గ్రిల్లు పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి కిటికీ రెక్క వేలెడు తెరుచుకుంది. “ఎంతమందొచ్చారు?” అంది ఆ గొంతు.

“నేనొక్కదాన్నేనమ్మా.”

“అబద్ధం. జీపు యాడ ఆపారు?”

“జీపేంటమ్మా? బస్సులో వచ్చాను.”

“మీ ఆయన మీద హత్యాయత్నం కేసుందంట గదా. అద్దె అడిగితే కత్తి తీశాడంట గదా. నన్నేం జేయొద్దమ్మా, ఆ ఇల్లు మీరే ఉంచుకోండి. నేనొక్కదాన్నే ఉంటాను ఈడ.”

ఇన్నాళ్ళూ నేను ఎవరి పేరు చెబితే భయపడ్డానో, ఆ మనిషి కిటికీ వెనక నన్ను చూసి వణుకుతోంది. ఎవరైనా కోడిని కోస్తుంటే కూడా చూడలేని మనిషి మా ఆయన అని చెబుదామనుకున్నాను. చెప్పకుండానే గ్రిల్లు ముందున్న మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ ఏడుపు ఆమెను ఇంకా భయపెట్టి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

కళ్ళు తుడుచుకుని ఇంటికి వీడియో కాల్ చేశాను. మా ఆయన ఎత్తి అమ్మకిచ్చాడు. ఫోన్‌ని కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాను. “అమ్మా, ఓనరమ్మ గారు. నువ్వే మాట్లాడు” అన్నాను.

ఆమె మమ్మల్ని చూసి భయపడుతున్న సంగతి అమ్మకు తెలియదు. దిండుకి ఆనుకుని కూర్చుని, “వదినగారూ, బాగున్నారా? ఏందండీ కిటికీలోంచి చూస్తన్నారు, తలుపు తీయరాదా? మా పిల్ల ఎండలో ఉంది” అంది.

కిటికీ రెక్క ఇంకాస్త తెరుచుకుంది. లోపల తెల్లజుట్టు, లావుపాటి కళ్ళద్దాలు. “ఏమైంది నీ కాలికి?” అంది ఆమె.

“తుంటి ఇరిగింది వదినా. లోపల రాడ్డేశారు. లేవాలంటే ఇదిగో, ఈ ఇనప గుర్రం ఉండాల” అని అమ్మ వాకర్‌ని చూపించింది. “మమ్మల్ని ఎందుకు ఎళ్ళగొడతన్నారు? నేను మెట్లెక్కలేను గదా. నడక వచ్చిందాకా ఉండనీయండి. మూడేళ్ళన్నాడు ఆ అబ్బాయి, నేను నా చెవులతో విన్నా.”

“నేనెప్పుడు ఎళ్ళగొట్టమన్నాను?” అంది ఓనరమ్మ. ఆ తర్వాత ఫోన్‌లోకి మొహం దగ్గరగా పెట్టి, “ఆ గోడకి పచ్చరంగు ఎవరేశారు? మా ఆయన తెల్లరంగు వేయించాడు గదా” అంది. ఆమె తన ఇంటి లోపలి భాగం చూసి ఎన్నేళ్ళయిందో. భర్త పోయాక ఆ ఇంటి గుమ్మం తొక్కలేదట.

తలుపు తీయడానికి ఆమెకి కొంత సమయం పట్టింది. అడ్డం పెట్టిన కుర్చీ జరపాలి కదా. నన్ను లోపలికి పిలిచి, నేను కూర్చున్నాక మళ్ళీ గ్రిల్లుకి తాళం వేసింది. తర్వాత మంచినీళ్ళు ఇచ్చింది.

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. మేం కొట్లాటల వాళ్ళమని, అద్దె ఇవ్వడం లేదని, తనే ఎలాగో బతిమాలి కొంచెం కొంచెం రాబడుతున్నానని ఏజెంటు ఆమెకు చెప్పాడు. మాతో మాట్లాడొద్దన్నాడు. “ఆళ్ళు పల్నాడు రౌడీలత్తా, నువ్వు మధ్యలోకి రామాక అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, ఇట్టాంటి గొడవలు ఎన్ని చూళ్ళేదు, నమ్మకుండా ఎట్టా ఉంటాను?” అంది. స్కానింగు సెంటరు సంగతి ఆమెకి తెలియనే తెలియదు. అగ్రిమెంటు కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టింది గానీ, ఆ రోజు కళ్ళ ఆపరేషన్ అయి కట్టు ఉందట. నేను ఏజెంటుకి ప్రతి నెలా పంపిన అద్దెలు ఫోన్‌లో చూపించాను. ఆమె ఒక్కొక్కటే చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

“ఇప్పుడు నన్నేం జేయమంటావమ్మా? వాడికి నా ఇల్లు తెలుసు. నేను ఒంటిదాన్నని తెలుసు” అంది.

“నాకూ తెలీదమ్మా. మీరు ఒకసారి వచ్చి మీ ఇంట్లో కూర్చోండి. అంతే” అన్నాను. అంతకంటే మంచి ఆలోచన నాకు రాలేదు.

ఆమె లేచి రెండు చీరలు సంచీలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె నా మణికట్టు వదల్లేదు. ధైర్యం చెప్పడానికి పట్టుకుందో, ధైర్యం కోసం పట్టుకుందో తెలియదు. నేను కూడా విడిపించుకోలేదు.

మర్నాడు నేను స్కూలుకి సెలవు పెట్టాను. మా ఆయన కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. ఓనరమ్మ తన ఫోన్‌లోంచి ఏజెంటుకి ఫోన్ చేసి, పేట వచ్చాను, ఇంటి దగ్గరున్నాను అని మాత్రం చెప్పి పెట్టేసింది. అతను వచ్చేదాకా ఆ హాల్లోనే నలుగురం ఎదురుచూశాం. అమ్మ మంచం పక్కన కుర్చీలో ఓనరమ్మ, గుమ్మం దగ్గర మా ఆయన, వంటగది వాకిట్లో నేను. చెట్టు కింద మనిషి లేచి ఎవరికో ఫోన్ చేయడం కిటికీలోంచి కనబడింది.

ఏజెంటు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు గేటు దగ్గరే ఆగారు. అతను లోపలికి వచ్చి, మమ్మల్ని చూడనట్టే, ఓనరమ్మ ముందు వంగాడు. “ఇంత ఎండలో ఎందుకొచ్చావత్తా? చెబితే నేను కారు పంపేవాడిని గదా.”

“నా ఇల్లు చూసుకుందామని వచ్చాను” అంది ఆమె.

“సరే, చూశావుగా. రా, మా ఇంట్లో భోంచేద్దువు. ఇక్కడ మాట్లాడే మాటలు కావు.”

అతను ఆమె మోచెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆమె లేచి అతని వెంట వెళ్ళిపోతే మా పని అయిపోయినట్టే. మా ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. గేటు దగ్గరున్న ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

“ఆవిడ చెయ్యొదులు బాబూ” అంది అమ్మ మంచం మీంచి. లేవలేని మనిషి, గొంతు మాత్రం గట్టిగా పలికింది. 

అతను వదిలాడు.

“ఈళ్ళు నన్ను చంపుతారని చెప్పావు గదరా. రాత్రి నాకు పాలు కాచి ఇచ్చింది ఈ పిల్ల” అంది ఓనరమ్మ. “అద్దె ఇయ్యట్లేదన్నావు. నీకు పంపిందంతా చూశాను. ఎవడికో ఇస్తానని మాటిచ్చి నా ఇల్లు కొలిపించావు. ఈ ఇంటి సంగతి ఇక నువ్వు చూడొద్దు.”

“అట్టా అనుకుంటే ఎట్టా అత్తా? నా దగ్గర నీ సంతకాలున్నాయి.”

“కళ్ళకి కట్టుండగా పెట్టించిన సంతకాలు. పద, లాయరు దగ్గరికి పోదాం. స్టేషన్‌కి పోదాం. నేనే చెబుతాను.”

అతను మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. తొందరేమీ లేనట్టు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. వెనక్కి తిరిగి, గేటు జాగ్రత్తగా వేసి మరీ వెళ్ళాడు. బండ్లు సందు మలుపు తిరిగిన చప్పుడు వినబడ్డాక ఓనరమ్మ, “కాసిని మంచినీళ్ళియ్యమ్మా” అంది. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను. సగం నీళ్ళు ఒలికిపోయాయి.

అదే వారం లాయరు అతనికి నోటీసు పంపింది. ఓనరమ్మా మేమూ కలిసి వెళ్ళి కొత్త అగ్రిమెంటు రాయించుకుని, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాం. మోటారు పెట్టె తాళం మా ఆయన పగలగొట్టాడు. స్కానింగు సెంటరు ఇంకెక్కడో పెట్టుకున్నారు. అతను దిగమింగిన అద్దె మాత్రం తిరిగి రాలేదు. కేసు వేద్దామని లాయరు అంది. ఓనరమ్మ వద్దంది, మేమూ వద్దన్నాం. ముగ్గురికీ కారణం ఒకటే, ఎవరం పైకి చెప్పుకోలేదు.

చెట్టు కింది మనిషి మళ్ళీ కనబడలేదు. అయినా ఏదో జరుగుతుందని ఎదురుచూడటం మాకు అలవాటైపోయింది. మా ఆయన కారంపూడి వెళ్ళిన రోజుల్లో ఊరు చేరగానే ఫోన్ చేసేవాడు. ఆలస్యమైతే నేను తరగతి మధ్యలో బయటికొచ్చి నిలబడేదాన్ని. ఏమీ జరగలేదు. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి, ఏమీ జరగలేదు. భయానికి ఆ సంగతి అర్థం కాదు.

ఓనరమ్మ ఇప్పుడు కళ్ళ పరీక్షకి పేట వచ్చినప్పుడల్లా మా దగ్గరే దిగుతుంది. ఆమెకీ అమ్మకీ మోకాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి పొద్దు చాలదు. అమ్మ వాకర్ వదిలి చేతికర్రకి వచ్చింది. మొన్న ఒకసారి గేటు దాకా ఒంటరిగా నడిచి వెళ్ళి, కూరగాయల బండి ఆపి, వంకాయలు బేరమాడింది.

ఈ వేసవిలో బజారులో ఏజెంటు కనబడ్డాడు. మామిడిపళ్ళ బండి దగ్గర చిన్న కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. ఆ పాప అతని జుట్టు పట్టుకుని లాగుతుంటే పగలబడి నవ్వుతున్నాడు. పళ్ళవాడితో ఏదో హాస్యమాడుతున్నాడు. అందరిలాంటి మనిషే. నేను చెరుకురసం మిషను వెనక్కి జరిగి, వాళ్ళు పళ్ళు తూయించుకుని, సంచీలో వేయించుకుని, జనంలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. చెరుకురసం అతను గ్లాసు అందిస్తూ, “ఏందమ్మా, ఒంట్లో బాగాలేదా?” అని అడిగాడు. ఎండకి అన్నాను. రసం తాగి, కొనాల్సినవి కొనుక్కుని, నడిచే ఇంటికి వచ్చేశాను.